బడి కంప్యూటర్లలోకి ఓపెన్ సోర్స్: అడ్డం పడుతున్నది సాఫ్ట్‌వేర్ కాదు

ఐరాల: చిత్తూరులో ఏదో ఒక డీటీపీ షాపులో తెలుగు స్లిప్ టెస్టు పేపరు టైపు చేయించి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఐరాల లాంటి మండల కేంద్రంలోని బడికి తెచ్చి అక్కడి కంప్యూటర్లో తెరిచి చూడండి. చాలాసార్లు తెలుగు కనిపించదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలిసిపోయిన పిచ్చిగీతలు కనిపిస్తాయి. ఫైలు పాడైందేమో, పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉందేమో అనుకుంటారు. రెండూ కాదు. షాపులో టైపు చేసింది అను ఫాంట్లతో. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే అది తెలుగు. మిగతా చోట్ల అర్థం లేని గుర్తులే.

ఉర్దూ పేపరుదీ ఇదే తంతు. పాత ఇన్‌పేజ్‌లో చేసిన ఫైలు ఇన్‌పేజ్ ఉన్న కంప్యూటర్లోనే తెరుచుకుంటుంది. చివరికి టీచర్లు ప్రింటు తీయించుకుని జిరాక్స్ కాగితాలే మోసుకొస్తారు. వచ్చే ఏడాది అదే పేపర్లో రెండు ప్రశ్నలు మార్చాలన్నా మళ్లీ ఆ షాపుకే పోవాలి.

తాము రాసుకున్న పేపరును తాము తెరవాలన్నా ఇంకొకరి మీద ఆధారపడాల్సి వస్తోంది. బడుల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పెట్టాలన్న మాట ఎక్కడ మొదలైనా మూలం ఈ ఇబ్బందే. దాన్ని 'ఫ్రీ'గా వచ్చే సాఫ్ట్‌వేర్ అని చెప్పి వదిలేస్తే సగమే చెప్పినట్టు.

బోరు మోటారును తీసుకోండి. మోటారు కాలిపోతే ఐరాలలోనో, పక్కన కాణిపాకంలోనో, కాదంటే చిత్తూరులోనో ఒక మెకానిక్ దాన్ని విప్పి వైండింగ్ చేస్తాడు. ఏ కంపెనీదైనా విప్పుతాడు. అదే మోటారుకు కంపెనీ సీలు వేసి, మా మనిషి తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, మీరు విప్పితే నేరం అని రాసిస్తే రైతు కొంటాడా? మామూలు సాఫ్ట్‌వేర్ దాదాపు అలాంటి సీలుతోనే వస్తుంది. డబ్బు కట్టినా మనకు దొరికేది వాడుకునే అనుమతి మాత్రమే. ఓపెన్ సోర్స్ అంటే లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. ఎన్ని కంప్యూటర్లలో అయినా వేసుకోవచ్చు, పక్క బడికి కాపీ చేసి ఇవ్వొచ్చు, తెలిసినవాళ్లు మార్చుకోవచ్చు. విండోస్ బదులు ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి, ఎంఎస్ ఆఫీస్ బదులు లిబ్రే ఆఫీస్ ఈ కోవలోవి. ధర లేనిదల్లా ఓపెన్ సోర్స్ కాదని గుర్తుంచుకోవాలి. ఫోన్లో ఉచితంగా దించుకునే చాలా యాప్‌ల కోడ్ మూసే ఉంటుంది.

ఇంత సులువైతే బడులు ఎందుకు ఒప్పుకోవు? ఒప్పుకోకపోవడానికి వాళ్లకు కారణాలున్నాయి. అవి తెలియకుండా వెళ్లి అడిగితే హెడ్‌మాస్టర్ నవ్వి పంపిస్తారు.

అయిదేళ్ల ల్యాబులు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5,000 ప్రభుత్వ హైస్కూళ్లకు ఒకేసారి కంప్యూటర్ ల్యాబులు వచ్చాయి. కంప్యూటర్లు తెచ్చి పెట్టడం, రిపేర్లు చూడడం, పిల్లలకు నేర్పించడం అన్నీ ప్రైవేటు ఏజెన్సీల బాధ్యత. ఒప్పందం అయిదేళ్లు. 2013లో గడువు అయిపోయింది. ఏజెన్సీలు పెట్టిన బోధకులు వెళ్లిపోయారు. కంప్యూటర్లు బడికే మిగిలాయి గానీ, వాటిని ముట్టుకునే ధైర్యం ఉన్న టీచరు చాలాచోట్ల లేరు. గది తాళం కప్ప తుప్పు పట్టింది.

ఇప్పుడున్న సమగ్ర శిక్షా పథకంలో కూడా లెక్క అలాగే ఉంటుంది. ల్యాబు పెట్టడానికి బడికి గరిష్ఠంగా 6.40 లక్షలు, నడపడానికి ఏడాదికి 2.40 లక్షల వరకు, అదీ అయిదేళ్లు. ఆరో ఏడాది ఎవరు చూస్తారన్నది బడి నెత్తిన పడుతుంది. బడి చేతిలో ఉండేది కాంపోజిట్ గ్రాంటు. 100 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50,000 రూపాయలు. చాక్‌పీసులు, చిన్న రిపేర్లు, పారిశుధ్యం అన్నీ అందులోనే. దాంట్లోంచి సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కొనమని ఏ హెచ్‌ఎంనూ అడగలేం.

2022 డిసెంబర్ 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5,18,740 ట్యాబులు ఇవ్వడం మొదలుపెట్టింది. అందులో ఎక్కించి ఇచ్చిన పాఠాలు బైజూస్‌వి. 2024 జూలైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. మెమరీ కార్డులో ఉన్న పాఠం కంపెనీ కష్టాల్లో పడగానే మాయమైపోదు, నిజమే. కానీ సిలబస్ మారితే ఆ పాఠాన్ని మార్చే హక్కు ఐరాల టీచరుకు లేదు, విజయవాడలో అధికారికీ లేదు. పాఠం వేరొకరి సొత్తు.

ఇక తాజా చిక్కు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కాస్త కొత్త ప్రాసెసర్ ఉండాలి. స్థూలంగా 2018కి ముందు కొన్న కంప్యూటర్లు చాలావరకు దానికి పనికిరావు. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. విద్యాసంస్థలకు కంపెనీ అదనపు భద్రతా అప్‌డేట్లు చవగ్గానే ఇస్తోంది. కంప్యూటరుకు మొదటి ఏడాది 1 డాలర్, రెండో ఏడాది 2, మూడో ఏడాది 4. అంటే మూడేళ్లు నెట్టుకురావచ్చు. ఆ తర్వాత కొత్త కంప్యూటర్లు కొనాలి, లేదా పాత వాటిలో లినక్స్ వేయాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్లో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, లుబుంటు లాంటి తేలికపాటి రకాలు బాగానే నడుస్తాయి.

కేరళలో ఏం చేశారు

చిత్తూరు దాటితే తమిళనాడు, అది దాటితే కేరళ. ఈ విషయంలో దేశం మొత్తం చూసేది కేరళ వైపే. అక్కడ 2001లో ఐటీ అట్ స్కూల్ ప్రాజెక్టు మొదలైంది. మొదట్లో వాళ్ల పాఠాలూ మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ చుట్టూనే ఉండేవి. ఒక కంపెనీ సరుకు వాడడాన్నే చదువు అంటారా అని టీచర్ల సంఘాలు గొడవ చేశాయి. ప్రభుత్వం మెల్లగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు తిరిగింది. కొన్నేళ్లు రెండూ నడిచాయి. తర్వాత పదో తరగతి ఐటీ పరీక్షే లినక్స్ మీద పెట్టారు. 2017లో ఆ ప్రాజెక్టు కైట్ అనే ప్రభుత్వ కంపెనీగా మారింది. 2018లో పిల్లలతోనే లిటిల్ కైట్స్ క్లబ్బులు పెట్టించారు.

2019లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ విడుదల చేసినప్పుడు 3,000 కోట్లు మిగిలాయని కైట్ చెప్పింది. ఈ అంకె చాలామంది చెబుతుంటారు కాబట్టి లెక్క విప్పి చూడాలి. 2 లక్షల కంప్యూటర్లు, ఒక్కోదానికి 1.5 లక్షల విలువైన సాఫ్ట్‌వేర్, హెచ్చవేస్తే 3,000 కోట్లు. నిజానికి ఏ ప్రభుత్వమూ బడి కంప్యూటరులో లక్షన్నర సాఫ్ట్‌వేర్ కొని పెట్టదు. విద్యాసంస్థలకు రాయితీలుంటాయి, కొన్ని సాఫ్ట్‌వేర్లు అసలు కొనరు. కాబట్టి ఇది ఖజానాలో మిగిలిన రొక్కం కాదు, వాడుకున్న సాఫ్ట్‌వేర్ విలువకు వేసిన అంచనా. బడి కమిటీలో ఈ అంకె చెబితే లెక్క తెలిసినవాళ్లు ఎవరో ఒకరు పట్టుకుంటారు. చెప్పకపోవడమే మేలు.

కేరళ నుంచి తెచ్చుకోవాల్సింది వేరే ఉంది. అక్కడ కంప్యూటర్ బయటి ఏజెన్సీ మనిషి చేతిలో లేదు. లెక్కల టీచరు, సోషల్ టీచరు, మలయాళం టీచరు, వీళ్లకే ట్రైనింగ్ ఇచ్చారు. ప్రతి బడిలో ఒక టీచరును ఐటీ సమన్వయకర్తగా పెట్టారు. కంప్యూటర్ ఆగిపోతే ఎవరిని పిలవాలో అందరికీ తెలుసు. పైగా పుస్తకం, పరీక్ష, ల్యాబు మూడూ ఒకే సాఫ్ట్‌వేర్ మీద ఉన్నాయి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా టీచరు పాతదానికే పోతారు. పుస్తకంలో ఎంఎస్ వర్డ్ బొమ్మలు, ల్యాబులో లిబ్రే ఆఫీస్ ఉంటే ఎనిమిదో తరగతి పిల్ల ఏం చేస్తుంది?

మన వైపు ప్రయత్నాలు లేవని కాదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది, పిల్లల కోసం బాల స్వేచ్ఛ తెచ్చింది. తెలంగాణ ప్రభుత్వ హైస్కూళ్లలో టాటా ట్రస్ట్స్, టిస్, అమెరికాలోని ఎంఐటీ కలిసి క్లిక్స్ పేరుతో లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు పాఠాలను ఓపెన్ సోర్స్ మీద నడిపాయి. అవి కొన్ని బడుల వరకే సాగాయి. కేరళలోలాగా పరీక్ష దాకా పోలేదు.

కేంద్రం వైపు నుంచి అడ్డేమీ లేదు. పాఠశాల విద్యలో ఐసీటీపై 2012 జాతీయ విధానం ఓపెన్ సోర్స్‌కే ప్రాధాన్యం ఇవ్వాలంటోంది. 2015లో కేంద్రం తన శాఖలన్నిటికీ ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించింది. అంతెందుకు, పిల్లల పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునే దీక్ష, సన్‌బర్డ్ అనే ఓపెన్ సోర్స్ వేదిక మీద కట్టిందే. అది 2017 నుంచి నడుస్తోంది. అంటే ఓపెన్ సోర్స్ ఇప్పటికే బడిలోకి వచ్చేసింది, ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవడం లేదంతే.

ఉర్దూ, తెలుగు ఒకే పేజీలో

మన ఇళ్లకు ఈ సంగతిలో ఇంకొంచెం ఎక్కువ అవసరం ఉంది. ఇంట్లో ఉర్దూ మాట, బడిలో తెలుగు, పుస్తకం ఇంగ్లీషు. మూడు లిపులూ ఒకే కంప్యూటర్లో, ఏ ఫాంటూ కొనకుండా రాయగలగాలి. దీనికి దారి యూనికోడ్. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగు ఫోన్లో చూసినా, చిత్తూరులో చూసినా, దుబాయ్‌లో ఉన్న అబ్బా చూసినా తెలుగే. పోతన, వేమన ఫాంట్లు, సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మల్లన్న, గిడుగు, మండలి లాంటివి ఉచితంగా దొరుకుతాయి. ఉర్దూ నస్తాలీఖ్‌కు గూగుల్ విడుదల చేసిన నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఉంది. అదీ ఓపెన్ లైసెన్సే.

లిబ్రే ఆఫీస్‌లో కుడి నుంచి ఎడమకు రాయాలంటే భాషల సెట్టింగుల్లో ఒక టిక్కు పెట్టాలి. చిన్న తలనొప్పి ఒకటుంది. అది తెలుగును, ఉర్దూను ఒకే గుంపు కింద లెక్కేస్తుంది. అందుకని ఒకే పేజీలో రెండూ రాస్తే ఉర్దూ భాగానికి ఒక ఫాంటు, తెలుగు భాగానికి ఒకటి విడిగా ఎంచుకోవాలి. రెండుసార్లు చేస్తే అలవాటవుతుంది. మొదటిసారి మాత్రం టీచరుకు విసుగొస్తుంది, పక్కన ఎవరైనా ఉండి చూపించాలి.

పాత అను, ఇన్‌పేజ్ ఫైళ్ల సంగతి? కన్వర్టర్లు ఉన్నాయి. కానీ మార్చాక ఒత్తులు తారుమారవుతుంటాయి, మళ్లీ చదివి దిద్దాలి. పాతవన్నీ మార్చాలని కూర్చోవద్దు. కొత్తగా టైపు చేసేది యూనికోడ్‌లో చేయడం మొదలుపెడితే చాలు. దీనికి లినక్స్ కూడా అక్కర్లేదు, ఉన్న విండోస్ మీదే ఈ రోజే మొదలుపెట్టొచ్చు. బడిని ఒప్పించడానికి ఇంతకంటే తేలికైన మొదటి మెట్టు లేదు.

తల్లిదండ్రుల భయం, దాని జవాబు

ఈ మాట ఎత్తగానే వచ్చే మొదటి ప్రశ్న ఉద్యోగం గురించే. ఆఫీసుల్లో ఎక్సెల్, అకౌంట్లకు ట్యాలీ వాడుతుంటే పిల్లలకు ఎవరూ వాడనిది నేర్పితే ఎలా అని. ఈ భయంలో కొంత నిజముంది. ఇంటర్ సీఈసీ, బీకాం చదివి చిత్తూరులో గానీ బెంగళూరులో గానీ అకౌంట్స్ పనికి పోవాలనుకునే పిల్లలు ట్యాలీ నేర్చుకోవాల్సిందే. గ్నూక్యాష్ అనే ఓపెన్ సోర్స్ ఒకటుంది గానీ, మన జీఎస్టీ బిల్లుల పనికి అది ట్యాలీకి సాటి రాదు. అయితే అది పద్దెనిమిదేళ్ల వయసు సంగతి. పదమూడేళ్ల పిల్లకు కావాల్సింది వరస, నిలువు, ఫార్ములా అంటే ఏమిటో తెలియడం. లిబ్రే ఆఫీస్ క్యాల్క్‌లో ఎస్‌యూఎం, వీలుకప్ నేర్చుకున్న పిల్ల ఎక్సెల్‌లో అవే రాస్తుంది. ఆమె డిగ్రీకి వచ్చేసరికి ఎక్సెల్ కూడా ఇప్పటిలా ఉండదు.

రెండో ప్రశ్న బడి ఆఫీసు నుంచి వస్తుంది. పైనుంచి వచ్చే వర్డ్ ఫైళ్లు సరిగా తెరుచుకోవేమోనని. మామూలు ఉత్తరాలు తెరుచుకుంటాయి. పెద్ద పట్టికలు, మాక్రోలు ఉన్న ఎక్సెల్ షీట్లు కొన్ని చెదిరిపోతాయి. డిజిటల్ సంతకం, కొన్ని పాత ప్రింటర్లు, స్కానర్లు కూడా ఇబ్బంది పెడతాయి. అందుకే హెచ్‌ఎం గదిలో ఉన్న కంప్యూటర్‌ను కదపొద్దు. అడిగేది తరగతి గదికి, ల్యాబుకు మాత్రమే. ఈ తేడా ముందే చెబితే సగం వాదన అక్కడే ఆగిపోతుంది.

చిన్న ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడులది ఇంకో కథ. అక్కడి కంప్యూటర్లలో విండోస్, ఆఫీస్ ఉంటాయి. డబ్బు కట్టి కొన్నవా, షాపువాడు వేసిచ్చిన క్రాక్ కాపీలా అని ఎవరూ అడగరు. కాపీరైట్ చట్టం 1957లోని 63బి సెక్షన్ ప్రకారం తెలిసి దొంగ కాపీ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల వరకు జరిమానా. లాభం కోసం కాకపోతే జైలు లేకుండా 50,000 లోపు జరిమానాతో కోర్టు వదిలేయొచ్చు. ఫీజు తీసుకునే బడి ఆ మినహాయింపు అడగడం కష్టం. పిల్లలకు నిజాయితీ గురించి చెప్పే చోట హరామ్ సరుకుతో పాఠం చెప్పడం ఏమిటన్న ప్రశ్న వేరే. యాజమాన్యాలకు ఈ కారణం చాలాసార్లు డబ్బు కంటే త్వరగా తలకెక్కుతుంది.

ఎలా అడగాలి

ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. ప్రభుత్వ బడుల్లో అభివృద్ధి ప్రణాళిక రాసేది ఈ కమిటీయే. అంటే అమ్మీ, అబ్బా ఇద్దరూ ఈ విషయం అక్కడ ఎత్తొచ్చు, మినిట్స్‌లో రాయించొచ్చు. మెగా పీటీఎం రోజు జనం ఎక్కువ, మాట్లాడే సమయం తక్కువ. మామూలు కమిటీ సమావేశమే నయం.

అడిగేటప్పుడు మొత్తం ల్యాబు మార్చమని అడగొద్దు. ఒక్క కంప్యూటర్. అది కూడా ఇప్పుడు ఎవరూ వాడకుండా మూల పడేసింది. లినక్స్‌ను పెన్‌డ్రైవ్ మీద నుంచే నడిపించి చూడొచ్చు, లోపల ఏమీ చెరిపేయక్కర్లేదు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే పాత విండోస్ అలాగే ఉంటుంది. ఆ అరగంటలో చూడాల్సినవి ప్రొజెక్టర్ పనిచేస్తోందా, సౌండ్ వస్తోందా, ప్రింటర్ దొరుకుతోందా, తెలుగు ఉర్దూ కీబోర్డులు వస్తున్నాయా అన్నవే. ప్రింటర్ దగ్గరే ఎక్కువసార్లు ఆగిపోతుంది కాబట్టి ముందు దాన్నే చూడాలి.

ఆ తర్వాత ఒక టీచరు. కంప్యూటర్ టీచరే కానక్కర్లేదు. చాలా ప్రభుత్వ హైస్కూళ్లలో ఆ పోస్టే లేదు. సైన్సు టీచరుకు కొలరాడో విశ్వవిద్యాలయం తయారుచేసిన ఫెట్ ప్రయోగాలు చూపించండి. కరెంటు సర్క్యూట్, లోలకం లాంటివి తెర మీద పిల్లలే కదిపి చూడొచ్చు, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తాయి. ఆకాశం పాఠానికి స్టెల్లేరియం. రేపటి క్లాసుకు పనికొచ్చేది ఒకటి కనిపిస్తే టీచరే మిగతాది అడుగుతారు. టీచర్లు నేర్చుకోవడానికి ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ వీడియోలు తెలుగులో ఉన్నాయి, ఒక్కోటి పది నిమిషాలు. లిబ్రే ఆఫీస్, లినక్స్ రెండింటికీ ఉన్నాయి.

అన్నిటికంటే ముందు హెచ్‌ఎం అడగబోయేది ఒకటే. ఆగిపోతే ఎవరు వస్తారు? దీనికి జవాబు లేకుండా వెళితే 2013 నాటి తాళం కప్ప ఆయనకు గుర్తొస్తుంది. ఊళ్లో పాలిటెక్నిక్, బీటెక్, ఎంసీఏ చదివి ఇంటి దగ్గర ఉన్న పిల్లలు ఉంటారు, బెంగళూరు నుంచి శని, ఆదివారాలకు వచ్చేవాళ్లూ ఉంటారు. అలాంటి ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి, నెలకు ఒక శనివారం మధ్యాహ్నం వస్తామని వాళ్ల చేత సంతకం పెట్టించి తీసుకెళ్లాలి. ఒక్కరే అయితే ఆ మనిషికి వేరే ఊళ్లో ఉద్యోగం రాగానే పని ఆగిపోతుంది. అందుకే ఇద్దరు.